ఏడుకొండలు సాక్ష్యం చెప్పిన రోజు

1989 జూన్‌లో విజయవాడ శివార్లలోని ఒక బధిర పాఠశాలలో సెకండరీ గ్రేడ్ స్పెషల్ టీచరుగా చేరాను. అది ఎయిడెడ్ బడి. యాజమాన్యం ఒక ట్రస్టుది, జీతాలు ప్రభుత్వానివి. బోర్డు మీద 'బధిర పాఠశాల' అని రాసి ఉన్నా, రిక్షావాడికి 'మూగోళ్ల బడి' అంటేనే తెలిసేది. పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాను. ఉద్యోగంలో నాకు మంచి పేరు తెచ్చిన పనులు కొన్ని ఉన్నాయి గానీ, నేను అన్నిటికంటే ఎక్కువ గర్వపడే పని బడి ఆవరణలో జరిగింది కాదు, నా డ్యూటీలో భాగమూ కాదు. వన్ టౌన్‌లో ఒక చిన్న చర్చి హాల్లో, ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది.

నేను క్రైస్తవురాలిని కాను. గుడివాడ దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టాను. ఇప్పటికీ శనివారం వచ్చిందంటే వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టనిదే కాఫీ తాగను. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇది సువార్త గురించిన కథ. ఆ సువార్త ఒక మనిషికి చేరింది నా చేతుల మీదుగానే.

ముందు మా పని గురించి కొంత చెప్పాలి. ఆ రోజుల్లో మా బళ్లో నోటి పద్ధతే నడిచేది. పిల్లవాడు అద్దం ముందు కూర్చుని, టీచరు పెదవుల కదలిక చూస్తూ, తన చెయ్యి టీచరు గొంతుకు ఆనించి, ఆ అదురును బట్టి మాట పలకడం నేర్చుకోవాలి. తరగతిలో సైగలు చేస్తే మందలించేవాళ్లం. వినడానికి బాగానే ఉంటుంది గానీ 'ప', 'బ', 'మ' మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. సగం మాటలు పిల్లవాడు ఊహించుకోవలసిందే. ఊహ అందనప్పుడు తల ఊపేస్తాడు. ఈ తలూపు మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయం. చెవులు వినపడని మనిషి, ఎదుటివాడికి విసుగు రాకూడదని, ఆ సంభాషణ తొందరగా ముగిసిపోవాలని, అర్థమైనా కాకపోయినా తల ఊపుతాడు. తెలియనివాళ్లు దాన్ని 'ఔను' అనుకుంటారు.

నాకు డిప్యూటీ వార్డెన్ బాధ్యత కూడా అప్పగించారు. దానివల్ల సాయంత్రాలు హాస్టల్లో ఉండవలసి వచ్చేది. తరగతిలో బిగుసుకుని కూర్చునే పిల్లలు హాస్టల్ వరండాలో చేతులతో ధారాళంగా మాట్లాడుకునేవాళ్లు. కొట్లాడుకునేవాళ్లు, సినిమా కథలు చెప్పుకునేవాళ్లు, మమ్మల్ని వెక్కిరించేవాళ్లు. ఆ భాషను ఇప్పుడు సంజ్ఞా భాష అంటున్నారు, దానికి కోర్సులు వచ్చాయి. అప్పుడు మాకు తెలిసినంతలో దానికి పుస్తకమూ లేదు, పరీక్షా లేదు. నేను పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. వాళ్లు ప్రతి మనిషికీ ఒక సైగ పేరు పెడతారు. నుదుటి మీద వేలితో పెద్ద సున్నా చుడితే నేను. ఎడమ కనుబొమ మీద అడ్డంగా గీత గీస్తే ఏడుకొండలు. చిన్నప్పుడు పడవ అంచు తగిలి అక్కడ మచ్చ పడింది.

ఏడుకొండలుది బందరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తండ్రి లేడు. తల్లి నాంచారమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. అన్న శ్రీను పడవ మీద పోయేవాడు. నేను చేరేనాటికి ఏడుకొండలు ఏడో తరగతి. పదో తరగతి గట్టెక్కలేదు. వన్ టౌన్‌లో అట్టపెట్టెలు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. పని శుభ్రంగా చేస్తాడని యజమానికి బాగా నచ్చాడు. ఆదివారాలు నన్ను చూడటానికి బడికి వచ్చేవాడు.

1996లో పాస్టర్ సుందరరావు గారు మా హెడ్‌మాస్టరును కలవడానికి వచ్చారు. వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఆయన సంఘం ఉండేది. పెద్ద సంఘమేమీ కాదు. దగ్గర్లోని ఒక మైదానంలో మూడు సాయంత్రాలు సువార్త సభలు పెడుతున్నారట. తమ సందులోనే కొందరు చెవిటివాళ్లున్నారని, తను మైకులో ఎంత గట్టిగా చెప్పినా వాళ్లకు చేరడం లేదని, సైగలతో చెప్పగల మనిషి కావాలని అడిగారు. బళ్లో ఆ మాత్రం సైగలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. హెడ్‌మాస్టరు గారు రెండు షరతులు పెట్టారు. అది బడి పనివేళల తర్వాత నా సొంత పనిగా జరగాలి. హాస్టల్ పిల్లలెవరినీ ఆ సభలకు తీసుకుపోకూడదు, వచ్చేవాళ్లు పెద్దవాళ్లు మాత్రమే అయి ఉండాలి. రెండోది నేనూ కోరుకున్నదే.

పాస్టరు గారు నా బొట్టు చూసి కాస్త ఆగారు. నేనే ముందుగా నా సంగతి చెప్పేశాను. ఆయన నెమ్మదిగా అన్నారు:

"మీరు నమ్మాలని అడగనండీ. నేనన్నది అన్నట్టు వాళ్లకి చేరితే చాలు. నమ్మడం, నమ్మకపోవడం వాళ్ల ఇష్టం."

ఆ మాటతో ఒప్పుకున్నాను. అయితే అన్నది అన్నట్టు చేర్చడం ఆయన అనుకున్నంత తేలిక కాదు. సభలకు ముందు ఒక మధ్యాహ్నమంతా ఆయన్ని కూర్చోబెట్టి ఒక్కొక్క మాటా అడిగాను. ఆయన ప్రసంగంలో పాపం, కృప, రక్షణ, పిలుపు అనే మాటలు పదే పదే వస్తాయి. మా పిల్లల సైగల్లో తప్పు అంటే చెవి మెలేయడం. పాపానికి అదే వాడితే, పాపం అంటే టీచరు చెవి మెలేసే అల్లరి అవుతుంది. పాపం అంటే మీ ఉద్దేశం ఏమిటని అడిగితే, దారి తెలిసీ పక్కకు పోవడం అన్నారు. అది చేతులతో చెప్పవచ్చు. రక్షణ అంటే కాలవలో కొట్టుకుపోయేవాణ్ణి జుట్టు పట్టి ఒడ్డుకు లాగడం. అదీ చెప్పవచ్చు. కృప దగ్గర ఆగిపోయాం. అర్హత లేనివాడికి దేవుడు చూపే దయ అన్నారు. అది పుస్తకం మాట, కంటికి కనపడేట్టు చెప్పండి అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, పాలు తాగుతూ తల్లిని తన్నే బిడ్డ గురించి చెప్పారు. తన్నినా తల్లి పాలు ఆపదు.

పిలుపుకు మాత్రం ఆయన్ని అడగలేదు. అది మా పిల్లల దగ్గర ఉన్నదే. వినపడనివాళ్లు ఒకర్నొకరు కేకేసి పిలుచుకోరు. దగ్గరికి వెళ్లి భుజం తడతారు. దేవుడు నిన్ను పిలుస్తున్నాడు అన్న వాక్యం వచ్చినప్పుడల్లా నేను భుజం తట్టిన సైగ చేశాను.

సభలో నేను వేదికకు ఎడమపక్క నిలబడ్డాను. చేతులు స్పష్టంగా కనపడాలని పూలూ అంచులూ లేని ముదురాకుపచ్చ చీర కట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ని అడిగి ఒక ట్యూబులైటు నా ముఖం మీద పడేట్టు పెట్టించాను. వినపడనివాళ్లకు చేతులు ఎంతో ముఖమూ అంతే. నా ఎదురుగా చాప మీద పదిమందికి పైగా కూర్చున్నారు. వాళ్లలో ఏడుకొండలు ఉన్నాడు. నేను వెళ్తున్నానని తెలిసి వచ్చాడు.

మూడో సాయంత్రం ప్రసంగం చివర పాస్టరు గారు మనసు కుదిరినవాళ్లను ముందుకు రమ్మని పిలిచారు. నేను భుజం తట్టిన సైగ చేశాను. ఏడుకొండలు వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. లేచి ముందుకు నడిచాడు. నిజం చెప్పాలంటే నాకు ముందుగా కలిగింది అనుమానమే. నా సైగను ఉన్నదున్నట్టుగా తీసుకుని ఎవరో నిజంగానే తట్టారనుకున్నాడేమో అని మర్నాడు అడిగాను. అతను నవ్వాడు. వెనక ఎవరూ లేరని తనకు తెలుసన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

తర్వాత అతను ప్రతి ఆదివారం ఆ చర్చికి వెళ్లడం మొదలుపెట్టాడు. పాస్టరు గారి కోరిక మీద వీలైన ఆదివారాలు నేనూ వెళ్లి ప్రసంగం చేతులతో చెప్పాను. బొట్టు పెట్టుకున్న మనిషి పక్కన నిలబడి వాక్యం చెప్పడం కొందరికి వింతగా ఉండేది. క్రమేణా అలవాటు పడ్డారు. మా ఇంట్లోనూ అలవాటు పడ్డారు.

ఏడాది తిరిగాక ఏడుకొండలు బాప్తిస్మం అడిగాడు. ఆ సంఘంలో దానికొక పద్ధతి ఉంది. అడిగిన మనిషికి కొన్ని వారాలు పాఠాలు చెబుతారు. తర్వాత పాస్టరు, సంఘ పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఏం నమ్ముతున్నావు, ఎందుకు నమ్ముతున్నావు, ఎవరి బలవంతమైనా ఉందా అని. దాన్ని బాప్తిస్మపు పరీక్ష అంటారు. అందులో ఆ మనిషి తన మాటల్లో చెప్పుకునేది సాక్ష్యం. పెద్దలకు తృప్తి కలిగితేనే నీళ్లలోకి దించుతారు.

పరీక్ష దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నాంచారమ్మ, శ్రీను బడికి వచ్చారు. కుర్చీ వేయిస్తే ఆమె కూర్చోలేదు, వరండా మెట్టు మీద కూర్చుంది. ఊళ్లో అందరూ, మూగవాణ్ణి చేసి చర్చివాళ్లు లాక్కుపోయారని అంటున్నారట. శ్రీను కోపంగా ఉన్నాడు గానీ మాట్లాడలేదు. మాట్లాడినదంతా తల్లే.

"మీ చేతులే గదా టీచరమ్మా, ఆడికి ఇదంతా చెప్పింది."

అవునన్నాను. కాదనడానికి లేదు.

అయితే ఆ చేతులతోనే వద్దని చెప్పమంది. మీరు వద్దంటున్నారని చెప్పగలను, నా మాటగా చెప్పలేను అన్నాను. ఏడుకొండలవాడికి మొక్కుకుంటే పుట్టినవాడని, ఆ పేరు ఊరికే పెట్టలేదని చెప్పింది. తర్వాత అసలు మాట అడిగింది.

"మీరూ ఆ సామికి దణ్ణం పెట్టేవోరే గదమ్మా. ఆడికి తెల్దు, తెలవకుండా అంటన్నాడు అని మీరొక్క మాటంటే సరిపోద్ది. పాస్టరుగారు మీ మాట ఇంటారు."

నిజమే. నేనొక్క మాటంటే సరిపోయేది. నన్ను కలవరపెట్టింది ఆమె దుఃఖం ఒక్కటే కాదు. ఏడుకొండలుకు నిజంగా తెలుసా అని ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి చెప్పగలనా? నేను చేర్చినంత వరకు నాకు తెలుసు. అతని లోపలికి ఏం వెళ్లిందో నాకు తెలియదు. ఆదివారాలు అతను తల ఊపడం చూశాను. తలూపు విలువెంతో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అదే వారంలో సంఘ పెద్ద యోహాను గారు బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ నన్ను చూసి స్కూటరు ఆపారు. టెలిఫోన్ శాఖలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఏడుకొండలంటే ఆయనకు అభిమానం. వాళ్ల అమ్మ వచ్చిన సంగతి ఆయనకు తెలిసింది.

"ఇది రచ్చ కాకూడదండీ. మేం మామూలుగా అడిగేవి అడుగుతాం, అబ్బాయి తలూపుతాడు. ఎక్కడన్నా అటూ ఇటూ అయితే మీరు కాస్త సర్ది చెప్పండి," అన్నారు.

ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ నన్ను అడిగింది ఒకటే, ఏడుకొండలు బదులు నన్ను మాట్లాడమని. ఒకరు అతనికి తెలియదనమన్నారు, ఒకరు తెలుసనమన్నారు. ఆ రెంటిలో ఏది చేసినా, చిన్నప్పట్నించీ అందరూ అతనికి చేస్తున్నదే నేనూ చేసినట్టు అవుతుంది.

పాస్టరు గారి దగ్గరికి వెళ్లి నా షరతులు చెప్పాను. పరీక్షకు తల్లినీ అన్ననీ పిలవాలి. అవునా కాదా అనే ప్రశ్నలు వేయకూడదు, ఎందుకంటే వాటికి వచ్చే జవాబు తలూపే. అతను ఏం చెబితే అది, సంఘానికి నచ్చనిదైనా సరే, నేను పైకి అంటాను. అలా కుదరకపోతే వేరే ఎవరినైనా చూసుకోమన్నాను. వేరే ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. తల్లి వస్తే గొడవ జరుగుతుందేమోనని ఆయన సందేహించారు. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు.

"రానివ్వండి. తల్లి కళ్లుగప్పి ఇచ్చే బాప్తిస్మం నాకొద్దు," అన్నారు.

ఏడుకొండలుకూ అదే చెప్పాను. మీ అమ్మ ఉంటుంది, నీ చేతుల్లోంచి వచ్చిన ప్రతి మాటా నా నోట్లోంచి వస్తుంది, ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోలేం అన్నాను. మొత్తం చెబుతారా అని అడిగాడు. మొత్తం అన్నాను. అయితే మంచిదే అన్నాడు.

ఆ శనివారం హాల్లో కుర్చీలు నేనే సర్దాను. వెలుతురు అతని మీద పడేట్టు కిటికీకి ఎదురుగా ఏడుకొండలును కూర్చోబెట్టాను. అతనికి ఎదురుగా పాస్టరు గారు, యోహాను గారు, మరో ఇద్దరు పెద్దలు. వాళ్ల పక్కన నేను. నాంచారమ్మ కుర్చీని కొంచెం ముందుకు జరిపాను, ఆమెకు నా ముఖం కాకుండా కొడుకు ముఖం కనపడాలని. మొదలుపెట్టే ముందు అందరికీ ఒక మాట చెప్పాను. ఇప్పట్నించి నేను 'నేను' అంటే అది నేను కాదు, ఏడుకొండలు. నాతో మాట్లాడకండి, అతనితో మాట్లాడండి.

యోహాను గారు అలవాటు చొప్పున, ఏసుక్రీస్తును నీ రక్షకుడిగా అంగీకరిస్తున్నావా అని అడిగారు. ఇది తలూపు ప్రశ్న, మరోలా అడగమన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు. పాస్టరు గారు అందుకుని, ఇక్కడ నీకేం చెప్పారో, అందులో నీకేం అర్థమైందో నీ సొంతంగా చెప్పు అన్నారు.

ఏడుకొండలు చేతులు పైకెత్తి మొదలుపెట్టాడు. నేను అతని వెంటే పైకి చెబుతూ వచ్చాను:

"ఇంట్లో అన్నం తినేటప్పుడు అందరూ మాట్లాడుకుంటారు, నవ్వుతారు. ఏంటని అడిగితే అన్న తర్వాత చెబుతానంటాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. జాతరలో అందరూ దణ్ణం పెడితే నేనూ పెట్టాను. ఎవరికో తెలీదు. ఎందుకో తెలీదు. అమ్మ తల వంచితే నేనూ వంచాను. ఇక్కడ దేవుడి గురించి నాకు చెప్పారు. మొదట్నించి చివరిదాకా చెప్పారు. మధ్యలో ఆపలేదు."

శ్రీను తల దించుకున్నాడు. యోహాను గారు, ఇక్కడివాళ్లు నిన్ను ప్రేమగా చూశారు, సంతోషం, మరి ప్రభువు సంగతేమిటి అన్నారు. మంచి ప్రశ్న. అది నేను చేతుల్లో పెట్టాను.

ఏడుకొండలు ఒక అరచేతి మధ్యలో, తర్వాత రెండో అరచేతి మధ్యలో వేలితో నొక్కాడు. మేకుల గుర్తు. ఏసుకు వాళ్ల సైగ అది.

"ఆయన్ని పట్టుకుని కట్టారు, కొట్టారు. ఎన్నో అడిగారు. ఆయన మాట్లాడలేదు. నాకు మాట్లాడటం రాదు. ఆయనకి వచ్చు. వచ్చి కూడా మాట్లాడలేదు. అది టీచరు చేతుల్లో చూసినప్పుడు, ఈయన నా పక్కన నిలబడ్డాడు అనుకున్నాను. ఆరోజు ఆయన నా భుజం తట్టాడు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలుసు. అయినా తట్టాడు."

ఆ ప్రసంగం నేనే చేతులతో చెప్పాను. ఆ వాక్యం నా చేతుల్లోంచి వెళ్లిన సంగతి నాకు గుర్తుంది. అందులో అతనికి కనిపించినది నాకు కనపడలేదు. పాస్టరు గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

మరో పెద్దాయన జాతర సంగతి అడిగారు. బాప్తిస్మం తీసుకున్నాక మీ ఊరి అమ్మవారి జాతరకు వెళ్తావా? జవాబు అతని చేతుల్లో చూస్తుండగానే అది అతనికి నష్టం చేస్తుందని నాకు తెలిసిపోయింది. గొంతులో చిన్న మార్పు చేస్తే చాలు, ఒక మాట మింగితే చాలు, ఎవరికీ తెలిసేది కాదు. ఉన్నదున్నట్టే పైకి అన్నాను:

"అమ్మ వెళ్తే వెళ్తాను. అమ్మకి మెడనొప్పి. నైవేద్యం కుండ బరువు. నేను మోస్తాను. దణ్ణం పెట్టను."

ఆ పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. నాంచారమ్మ మాత్రం అప్పటిదాకా కొడుకును చూస్తున్న చూపు తిప్పలేదు. ఇరవై రెండేళ్ల కొడుకు వరసగా పది మాటలు మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు. అప్పుడామె పాస్టరు గారి వైపు తిరిగి, తనొకటి అడగొచ్చా అంది. అడగమన్నారు.

"ఆణ్ణి బళ్లో ఒదిలేసి నేను బస్సెక్కిన రోజున ఆడు ఏడవలేదమ్మా. పిల్లలంతా ఏడిచారు, ఆడు ఏడవలేదు. ఎందుకేడవలేదో అడగండి."

అడిగాను. జవాబు వెంటనే వచ్చింది. చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టు.

"నేనేదో తప్పు చేశాను, అందుకే నన్ను ఇచ్చేశావనుకున్నాను. ఏడిస్తే ఇంకో తప్పవుతుందనుకున్నాను. నువ్వు మళ్లీ వస్తావని నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొడుకుతోనే మాట్లాడింది, నాతో కాదు. నువ్వు నాలా గంప మోయకూడదని, నాలుగక్షరాలు నేర్చుకోవాలని తెచ్చానయ్యా అంది. ఆరోజు బస్సులో బందరు దాకా ఏడుస్తూనే పోయానంది. నేను ఒక్క మాట పోకుండా చేతుల్లో పెట్టాను. అతను తల ఊపలేదు. తిరిగి అడిగాడు. ఆమె చెప్పింది. మళ్లీ అడిగాడు. పెద్దలు నలుగురూ పరీక్ష సంగతి మరిచిపోయినట్టు కూర్చున్నారు. నాకు భుజాలు లాగుతున్నా ఆపలేదు.

చివరికి పాస్టరు గారు ఆమెను మర్యాదగా అడిగారు, మీరేమంటారమ్మా అని. ఆమె లేచి నిలబడింది.

"నేను ఒప్పుకోనండి. నా దేవుడు నాకున్నాడు. కానీ ఆడికి తెల్దని మాత్రం అనను. ఆడికి తెలుసు. తెలిసే అంటన్నాడు."

నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లలో ఆ మాటకు మించింది లేదు.

పెద్దలు లోపలి గదిలోకి వెళ్లి మాట్లాడుకున్నారు. జాతర మాట మీద కొంత వాదన జరిగిందని, తల్లి కుండ మోయడం దణ్ణం పెట్టడం కాదని పాస్టరు గారు అన్నారని, ఆ మాటను ముందుగా బలపరిచింది యోహాను గారేనని తర్వాత తెలిసింది. ఒప్పుకున్నారు. ఎవరో పేరు మార్చుకోమని సలహా ఇచ్చారు. పేరు అమ్మ పెట్టింది, మార్చుకోను అన్నాడు ఏడుకొండలు.

బాప్తిస్మం కృష్ణలో జరిగింది. దాంట్లోనూ ఒక చిక్కు వచ్చింది. నీళ్లలో నిలబెట్టి పాస్టరు గారు అడిగే చివరి ప్రశ్న అతనికి కనపడాలి. ఒడ్డు నుంచి చేస్తే ఎండ నా వెనక ఉంది, నా చేతులు నల్లగా తప్ప కనపడవు. చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని మోకాళ్ల లోతు దాకా దిగి, ఎండకు ఎదురుగా నిలబడ్డాను. పాస్టరు గారు "ఏడుకొండలూ" అని పేరు పెట్టి పిలిచినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లలో కొందరు నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. నాంచారమ్మ రాలేదు. శ్రీను వచ్చాడు. పొడి బట్టలు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

ఆ తర్వాతి నెల రెండో శనివారం నాంచారమ్మ బడికి వచ్చింది. తనకు సైగలు నేర్పమంది. ఏం కావాలో అడిగాను. తిండి, నిద్ర, జ్వరం లాంటివి ఆమెకు వచ్చు. ఊళ్లో కబుర్లు చెప్పాలంది. ఎవరి పడవకు ఎన్ని చేపలు పడ్డాయి, ఎవరి కోడలు ఎవరితో పోట్లాడింది, అవి కావాలట. నేర్పాను. ఆమెను చూసి మరికొందరు తల్లులు అడిగారు. హెడ్‌మాస్టరు గారు మొదట, నోటి పద్ధతికి విరుద్ధం కదా అన్నారు. ఆయన్ని వారం వారం కదిపి, చివరికి రెండో శనివారాల్లో తల్లిదండ్రుల తరగతి పెట్టించాను. నేను రిటైరయ్యేదాకా అది ఆగలేదు.

పాస్టరు గారు కూడా ఆ తరగతికి వచ్చి నేర్చుకున్నారు. మొదట్లో ఆయన సైగలు చూసి మా పిల్లలు నవ్వేవాళ్లు, ఆయన పట్టించుకోలేదు. రెండు మూడేళ్లకు ఆదివారాలు నా అవసరం లేకుండా పోయింది. పూర్తిగా పోవడానికి కారణం ఏడుకొండలే, పాస్టరు గారి సైగలు తడబడిన చోట అతనే అందుకుని మిగతావాళ్లకు విడమరిచి చెప్పేవాడు. సెలవు దొరికినప్పుడల్లా అతను సైకిలు మీద ఇబ్రహీంపట్నం వైపు, కంకిపాడు వైపు ఊళ్లు తిరిగేవాడు. ఎవరింట్లో వినపడని మనిషి ఉన్నాడో కనుక్కునేవాడు. ఎప్పుడూ బడి ముఖం చూడనివాళ్లు, సొంత పేరేమిటో తెలియనివాళ్లు కనపడేవాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని, భుజం తట్టి, తన దేవుడి కథ చెప్పేవాడు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. నమ్మినా నమ్మకపోయినా, పిల్లలున్న ఇంట్లో మాత్రం తల్లిదండ్రులను మా బడికి తీసుకురాకుండా వదిలేవాడు కాదు. అలా వచ్చిన పిల్లల్లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. గేటు లోపల పిల్లలకు మతం చెప్పకూడదన్నది బడి నియమం. ఒకసారి దాని మీద నాతో వాదించాడు, నేను వినలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నియమం తప్పలేదు.

నన్ను చాలామంది అడిగారు, ఇంత దగ్గరగా ఉండి మీరెందుకు మారలేదని. పాస్టరు గారు ఒక్కసారి అడిగారు. నాకా పిలుపు అందలేదండీ అన్నాను. అందినప్పుడు చూద్దాం అన్నారు. మా స్నేహం అలాగే సాగింది.

2000 దాటాక సంజ్ఞా భాష వ్యాఖ్యాతలకు పద్ధతిగా శిక్షణ మొదలైంది. కొన్ని తరగతులకు నన్ను పిలిచారు. మేం తడుముకుంటూ పెట్టుకున్న నియమాలు అప్పటికి పాఠాలుగా వచ్చాయి. ఎదుటి మనిషి 'నేను'ను 'నేను'గానే చెప్పాలి, కలపకూడదు, తీయకూడదు, తలూపును జవాబుగా తీసుకోకూడదు. చెప్పే విషయం మనకు ఇష్టం లేనిదైతే ఏం చేయాలని ఒక అమ్మాయి అడిగింది. ఆ హాల్లో జరిగింది నాకు నేర్పిందే ఆమెకు చెప్పాను. వ్యాఖ్యాతకు ఇష్టాయిష్టాలు ఉండవచ్చు, అవి చేతుల్లోకి దిగకూడదు. చెప్పేది సువార్త అయినా, దాన్ని ఒప్పుకోనన్న తల్లి మాట అయినా ఒకే శ్రద్ధతో అవతలికి చేర్చాలి. అలా చేర్చినప్పుడే ఇరువైపులవాళ్లూ మన చేతుల్ని నమ్ముతారు. ఆ నమ్మకం లేకపోతే ఎన్ని సైగలు వచ్చినా ఈ పనికి పనికిరాం.